తుపాకీ పోతే రాత్రంతా వెతుకుతారు

మా బాబాయి ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఎక్కువసార్లు చెప్పిన కథ యుద్ధం గురించి కాదు, ఒక రైఫిల్ బోల్టు గురించి. ఒకసారి సాయంత్రం కోత్‌లో ఆయుధాలు లెక్కపెడుతుంటే ఒక రైఫిల్‌కి బోల్టు లేదు, అంటే తూటాని లోపలికి నెట్టే ఇనుప భాగం. కోత్ అంటే యూనిట్ ఆయుధాలన్నీ తాళం వేసి పెట్టే గది. వెంటనే కంపెనీ మొత్తాన్ని ఫాలిన్ చేశారు, అంటే వరసలో నిలబెట్టారు. ఆ రాత్రి ఎవరికీ తిండి లేదు, నిద్ర లేదు. టార్చిలైట్లు పట్టుకుని ఫైరింగ్ రేంజిలో గడ్డి పరకలు పక్కకి తప్పిస్తూ వెతికారు. కంపెనీ కమాండర్ కూడా వాళ్ళ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. తెల్లవారుజామున నాలుగింటికి అది నూనె గుడ్డల మూటలో దొరికింది. "పోగొట్టింది సిపాయే అమ్మా. కానీ దొరక్కపోతే ముందు కదిలేది ఆఫీసరు కుర్చీ. అందుకే ఆయనా వెతికాడు" అనేవాడు బాబాయి.

ఈ మధ్య ఒక శిక్ష గురించి చదువుతుంటే ఆ బోల్టు గుర్తొచ్చింది. 2003 నవంబరు 26న ఇరాక్‌లోని అల్ ఖాయిమ్‌లో అబెద్ హమెద్ మొహూష్ అనే ఇరాకీ మేజర్ జనరల్ అమెరికన్ సైన్యం కస్టడీలో చనిపోయాడు. ఆయన్ని తలకిందులుగా స్లీపింగ్ బ్యాగులో దూర్చి, కరెంటు తీగతో చుట్టి, ప్రశ్నలడిగే ఇంటరాగేటర్ ఆయన ఛాతీ మీద కూర్చున్నాడు. ఊపిరాడక పోయాడు. 2006 జనవరిలో కోర్టు మార్షల్, అంటే సైనిక కోర్టు, ఆ ఇంటరాగేటర్‌ని నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు దోషి అంది. ఒక మందలింపు లేఖ, జీతంలోంచి 6,000 డాలర్ల కోత, రెండు నెలలపాటు ఇల్లు, పని చేసే చోటు, చర్చి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళకూడదన్న ఆంక్ష. జైలు లేదు.

ఇల్లు, పని, చర్చి. చాలాసేపు ఆ మూడు మాటల దగ్గరే ఆగిపోయాను. బోల్టు కోసం రాత్రంతా మోకాళ్ళ మీద పాకించగలిగిన వ్యవస్థకి మనిషి పోయినప్పుడు ఏమవుతుంది? చేతకాక అని నేననుకోను. సైన్యం కంటే బాగా లెక్క చెప్పగలిగిన వ్యవస్థ మరొకటి లేదు. ప్రతి తూటాకీ సంతకం, ప్రతి దుప్పటికీ సంతకం. నా అభిప్రాయం ఒక్కటే: యుద్ధ ఖైదీ విషయంలో "ఎవరు కొట్టారు" అన్నది రెండో ప్రశ్న కావాలి. "అతను ఎవరి సంతకం కింద ఉన్నాడు" అన్నది మొదటి ప్రశ్న కావాలి. ఇప్పటిదాకా మొదటిదాన్ని అడగకుండానే చాలా ఫైళ్ళు మూసేశారు.

ఐదు రోజులు

దిలావర్‌కి 22 ఏళ్ళు. అఫ్గానిస్తాన్‌లో ఖోస్త్ వైపు యాకుబీ అనే పల్లె. టాక్సీ నడిపేవాడు. పెళ్ళయింది, రెండేళ్ళ కూతురుంది. 2002 డిసెంబరు 5న ముగ్గురు ప్రయాణికుల్ని ఎక్కించుకుని వెళ్తుంటే పట్టుకున్నారు. ఆ పొద్దున ఒక అమెరికన్ శిబిరం మీద రాకెట్లు పడ్డాయి, అదీ కారణం. పట్టించింది ఒక స్థానిక కమాండర్ మనుషులు. ఆ రాకెట్లు ఆ కమాండరే వేయించి, అమాయకుల్ని అప్పజెప్పి మెప్పు కొట్టేస్తున్నాడన్న అనుమానం తర్వాత అమెరికన్లకే వచ్చింది.

బగ్రామ్‌లోని అమెరికన్ స్థావరంలో దిలావర్ మణికట్లకి సంకెళ్ళు వేసి, వాటిని పైకప్పుకి బిగించి నిలబెట్టారు. కాపలా సైనికులు అతని తొడ పక్కన, మోకాలికి కాస్త పైన, నరం మీద మోకాలితో పొడిచేవాళ్ళు. ఖైదీని అదుపు చేయడానికని శిక్షణలో నేర్పిన దెబ్బే అది. పొడిచినప్పుడల్లా అతను "అల్లా" అని అరిచేవాడు. ఆ అరుపు వాళ్ళకి వేడుకైపోయింది. అది వినడానికే ఒకరి తర్వాత ఒకరు వచ్చి కొట్టారనీ, ఒక్క రోజులోనే వందకి పైగా దెబ్బలు పడి ఉంటాయనీ వాళ్ళలో ఒకడే దర్యాప్తులో చెప్పాడు. డిసెంబరు 10న అతను చనిపోయాడు. బస్సు కింద పడి నలిగిన మనిషి కాళ్ళు ఎలా ఉంటాయో అలా ఉన్నాయని శవపరీక్ష చేసిన సైనిక డాక్టరు చెప్పింది. అప్పటికే అక్కడి ఇంటరాగేటర్లలో చాలామందికి ఈ కుర్రాడు ఏ పాపం ఎరగడని అర్థమైపోయింది.

నన్ను నిద్ర పోనివ్వనిది ఇంకొకటుంది. దిలావర్ బగ్రామ్ చేరకముందే, అదే డిసెంబరు మొదటి వారంలో, హబీబుల్లా అనే మరో ఖైదీ అక్కడే అదే దెబ్బలతో చనిపోయాడు. అంటే ఆ భవనంలో ఒక శవం లేచాక దిలావర్ని లోపలికి తీసుకొచ్చారు. మొదటి చావు రోజునే ఆ కస్టడీకి బాధ్యుడైన అధికారిని పక్కన కూర్చోబెట్టి, బయటి నుంచి ఇంకొకర్ని పంపి ఉంటే, దిలావర్ దిగింది వేరే జైల్లో అయ్యుండేది. బాధ్యత గురించి మాట్లాడితే చాలామంది శిక్ష గురించి, ప్రతీకారం గురించి అనుకుంటారు. నేనంటున్నది తర్వాత వచ్చే మనిషి గురించి. మొదటి చావుకి జవాబు అడగకపోవడమే రెండో చావు.

అది అక్కడితోనూ ఆగలేదు. బగ్రామ్‌లో పని చేసిన సైనిక నిఘా దళం వాళ్ళే కొందరు 2003లో ఇరాక్ వెళ్ళారు. ఏ జైలుకో చెప్పక్కర్లేదు, అబూ గ్రైబ్‌కే. బగ్రామ్ చావుల్లో శిక్షలు పడేసరికి దాదాపు రెండున్నరేళ్ళు పట్టింది. వాటిలో అన్నిటికంటే పెద్దది ఐదు నెలల జైలు. కాపలా దళం కెప్టెన్ మీద పెట్టిన అభియోగాలు కొట్టేశారు.

శిక్ష ఏ మెట్టు దాకా ఎక్కింది

అబూ గ్రైబ్‌లో అమెరికన్ సైనికులు ఖైదీల్ని హింసించి, అవమానించి తీసుకున్న ఫోటోలు చూడనివాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి వాటిని మళ్ళీ వర్ణించను. శిక్షల పట్టిక మాత్రం చూడండి. చార్లెస్ గ్రేనర్, మామూలు సైనికుడు, పదేళ్ళు. ఐవన్ ఫ్రెడరిక్, సార్జెంట్, ఎనిమిదేళ్ళు. లిండీ ఇంగ్లండ్, ఇంకా కింది ర్యాంకు, మూడేళ్ళు. మొత్తం పదకొండు మంది సైనికులు దోషులుగా తేలారు. వీళ్ళ మీద నాకు జాలి లేదు. పడాల్సిన శిక్షలే పడ్డాయి.

ఇప్పుడు ఇంకాస్త పైకి చూద్దాం. అక్కడి సైనిక నిఘా బ్రిగేడ్ కమాండర్ కల్నల్ థామస్ పాపస్‌కి పదవి పోయింది, 8,000 డాలర్ల జరిమానా పడింది, కోర్టు మార్షల్ లేదు. జైళ్ళ బాధ్యత చూసిన బ్రిగేడియర్ జనరల్ జానిస్ కర్పిన్‌స్కీని ఒక ర్యాంకు దించారు. కోర్టు మార్షల్ ఎదుర్కొన్న ఒకే ఒక ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ స్టీవెన్ జోర్డాన్. 2007లో ఆయన ఖైదీల విషయంలో నిర్దోషి అని తేలింది. దర్యాప్తు గురించి ఎవరితోనూ మాట్లాడొద్దన్న ఆదేశాన్ని మీరినందుకు దోషి అన్నారు, మరుసటి ఏడాది అదీ తీసేశారు. ఆ జైల్లోనే 2003 నవంబరులో అమెరికన్ గూఢచార సంస్థ సీఐఏ ఇంటరాగేషన్‌లో మనదెల్ అల్ జమాదీ చనిపోయాడు. సైనిక వైద్యులే అది హత్య అన్నారు. ఆ చావుకి ఈ రోజుదాకా ఎవరికీ జైలు శిక్ష పడలేదు.

ఇంకా పైన కాగితాలున్నాయి. అల్ ఖాయిదా ఖైదీలకి, యుద్ధ ఖైదీల్ని ఎలా చూడాలో చెప్పే జెనీవా ఒప్పందం వర్తించదని అధ్యక్షుడు బుష్ 2002 ఫిబ్రవరి 7న సంతకం పెట్టాడు. క్యూబాలోని అమెరికన్ జైలు గ్వాంటనామోలో ఖైదీల మీద వాడటానికి గంటల తరబడి నిలబెట్టడం, బట్టలు విప్పించడం, కుక్కలతో భయపెట్టడం వంటి పద్ధతులకి రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ 2002 డిసెంబరు 2న అనుమతి ఇచ్చాడు. ఆ కాగితం కింద తన చేత్తో ఒక మాట రాశాడు: నేను రోజుకి 8 నుంచి 10 గంటలు నిలబడే ఉంటాను, వీళ్ళకి 4 గంటలకే పరిమితి ఎందుకు? ఆ తర్వాత ఎనిమిది రోజుల్లోపే బగ్రామ్‌లో ఇద్దరు మనుషులు పైకప్పుకి కట్టేసి నిలబెట్టగా చనిపోయారు. ఆ కాగితం బగ్రామ్ కోసం రాసింది కాదు, నిజమే. కానీ నీళ్ళు పల్లమెరుగు అన్నట్టు, పైన వదిలింది కిందికి చేరడానికి ఎవరూ కాలువ తవ్వక్కర్లేదు. కొందరు కింది సైనికులు సొంతంగా చేసిన పనిగా అబూ గ్రైబ్‌ని కొట్టిపారేయలేమని 2008లో అమెరికన్ సెనేట్ సాయుధ దళాల కమిటీయే తేల్చింది.

"పై నుంచి వచ్చింది కాబట్టి కింది వాళ్ళు ఏం చేస్తారు పాపం" అనే వాదన కూడా విన్నాను. ఇది నాకు అసలు ఒప్పుదల కాదు. అదే జైల్లో విలియం కింబ్రో అనే నేవీ ఉద్యోగి ఉన్నాడు. కుక్కల్ని చూసుకునే పని ఆయనది. ఇంటరాగేషన్‌లోకి కుక్కల్ని తెమ్మంటే, ఎంత ఒత్తిడి చేసినా తేనన్నాడు. అబూ గ్రైబ్ మీద దర్యాప్తు చేసిన మేజర్ జనరల్ టగూబా తన నివేదికలో ఆయన పేరు రాసి మరీ మెచ్చుకున్నాడు. జోసెఫ్ డార్బీ అనే సైనికుడు 2004 జనవరిలో ఆ ఫోటోల సీడీని సైనిక దర్యాప్తు విభాగానికి అందజేశాడు. అదే వరండా, అవే రాత్రులు, అవే కాగితాలు. కాబట్టి కొట్టినవాడి బాధ్యత పైవాడు పంచుకుంటే తగ్గేది కాదు. ఇద్దరిదీ పూర్తి బాధ్యతే.

"నాకు తెలియదు"

పైవాళ్ళని కాపాడే మాట ఇదొక్కటే. దీనిలో ఎంతో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఎక్కడో చీకటి గదిలో ఎవడో చేసినదానికి వంద మైళ్ళ దూరంలో ఉన్న కల్నల్‌ని నేరస్తుడనడం ఎలా?

ఇదే ప్రశ్న 1945లో మనీలాలో వచ్చింది. జపాన్ జనరల్ యమషిత ఏ అకృత్యానికీ స్వయంగా ఆదేశం ఇచ్చినట్టు రుజువు కాలేదు. తన సేనలతో సంబంధాలు తెగిపోయాయని, తనకి తెలియదని ఆయన వాదించాడు. తన కిందివాళ్ళని అదుపులో పెట్టాల్సిన విధి నెరవేర్చలేదన్న నేరం మీద అమెరికన్ సైనిక కమిషన్ ఉరిశిక్ష వేసింది. అమెరికా సుప్రీంకోర్టు అడ్డుపడలేదు. ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం గట్టిగా వ్యతిరేకించారు. 1946 ఫిబ్రవరి 23న ఉరి తీశారు. ఆ ఇద్దరు న్యాయమూర్తుల వైపే నేనూ ఉన్నాను. తెలుసని రుజువు లేకుండా మనిషిని ఉరి తీయకూడదు. కానీ ఓడిన సైన్యం జనరల్‌కి ఉరికంబం దాకా వెళ్ళిన సూత్రం గెలిచిన సైన్యం కల్నల్‌కి 8,000 డాలర్ల దగ్గరే ఎలా ఆగిందో ఎవరైనా నాకు వివరించాలి.

పైగా అబూ గ్రైబ్ విషయంలో "తెలియదు" అన్నది నిలబడదు కూడా. 2003 అక్టోబరులో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధులు ఆ జైలుకి వెళ్ళి, చీకటి గదుల్లో నగ్నంగా ఉంచిన ఖైదీల్ని చూసి, పర్యటన మధ్యలోనే ఆపేసి అక్కడి అధికారుల్ని జవాబు అడిగారు. ఫోటోలు ప్రపంచానికి కనిపించింది 2004 ఏప్రిల్ 28న. మధ్యలో ఆరు నెలలున్నాయి.

నా దారి ఇది. జైలు, ఉరి లాంటి నేర శిక్షలకి "తెలుసు" లేదా "తెలిసి ఉండాల్సింది" అన్న రుజువు తప్పనిసరిగా అడగాలి. పదవికి మాత్రం ఆ రుజువు అడగకూడదు. కస్టడీలో ఖైదీ చనిపోయినా, తీవ్రంగా గాయపడినా ఆ కస్టడీ అధికారి ఆ రోజే పక్కకి తప్పుకోవాలి. ఆపటానికి ఏం చేశాడో చూపించాల్సిన భారం ఆయన మీదే ఉండాలి. చూపించగలిగితే తిరిగి రావచ్చు. కోత్ విషయంలో సైన్యం చేసేది ఇదే కదా. బోల్టుని కమాండర్ దొంగిలించాడని ఎవరూ అనరు, అయినా జవాబు ఆయన్నే అడుగుతారు.

ఇదేమీ నా కొత్త ఊహ కాదు. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం 12వ అధికరణ ఏమంటుందంటే, ఖైదీలు పట్టుకున్న సైనికుడి చేతిలోనో, ఆ దళం చేతిలోనో ఉన్నట్టు కాదు, పట్టుకున్న రాజ్యం చేతిలో ఉన్నట్టు. ఎవరి వ్యక్తిగత తప్పు ఎంతున్నా ఆ రాజ్యానిదే బాధ్యత. 121వ అధికరణ ప్రకారం ఖైదీ అనుమానాస్పదంగా చనిపోతే వెంటనే అధికారిక విచారణ జరగాలి. అఫ్గానిస్తాన్‌లో పట్టుకున్న వీళ్ళు యుద్ధ ఖైదీలే కారన్న వాదనతో అదంతా పక్కన పెట్టారు. కనీస మానవత్వం చూపించాల్సిన ఉమ్మడి మూడో అధికరణ వీళ్ళకీ వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు గ్వాంటనామో ఖైదీ హమ్దాన్ కేసులో చెప్పేసరికి 2006 జూన్ వచ్చింది.

బాబాయి అడిగినవి

ఇదంతా బాబాయికి చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ రెండు మాటలు అన్నాడు. రెండూ నన్ను ఇబ్బంది పెట్టాయి.

"ఖైదీకి దెబ్బ తగిలితే ఆఫీసరు కుర్చీ పోతుందంటే, దెబ్బ తగిలిన సంగతి ఎవరు బయటికి రానిస్తారమ్మా?"

నిజమే. బ్రిటిష్ సైన్యంలో జరిగింది అదే. 2003 సెప్టెంబరులో బాస్రాలో బహా మూసా అనే 26 ఏళ్ళ హోటల్ రిసెప్షనిస్టు 36 గంటల కస్టడీ తర్వాత చనిపోయాడు. ఒంటి మీద 93 గాయాలు. ఒక కార్పొరల్ నేరం ఒప్పుకుని ఏడాది జైలుకి వెళ్ళాడు. కమాండింగ్ ఆఫీసర్‌తో సహా మిగతా వాళ్ళంతా నిర్దోషులయ్యారు. సైనికులు ఒకరినొకరు కాపాడుకుంటూ నోరు కట్టేసుకున్నారని ఆ కేసు విన్న జడ్జే వాపోయాడు. ముసుగు వేసి నిలబెట్టడం లాంటి ఐదు పద్ధతుల్ని బ్రిటన్ 1972లోనే నిషేధించింది. 2003 నాటికి ఆ సంగతి ఆ సైన్యానికే గుర్తు లేదు. విలియం గేజ్ విచారణ నివేదిక 2011లో గానీ రాలేదు.

కాబట్టి పదవి పోతుందన్న భయం దాపరికాన్ని పెంచవచ్చు. దీనికి నా దగ్గరున్న జవాబు సగమే. విచారణ ఆ కమాండర్ వరసలో ఎవరి చేతిలోనూ ఉండకూడదు. డాక్టరు నివేదిక నేరుగా బయటికి వెళ్ళాలి. గాయం బయటపెట్టిన కమాండర్‌కి తిరిగి వచ్చే దారి ఉండాలి, దాచినవాడికి ఉండకూడదు. మిగతా సగం నోరు విప్పినవాళ్ళని ఏం చేస్తామన్న దాని మీద ఉంది, అక్కడ చరిత్ర బాగాలేదు. డార్బీ పేరు రహస్యంగా ఉంచుతామన్నారు, రమ్స్‌ఫెల్డ్ సెనేట్ విచారణలో టీవీ ముందే ఆ పేరు చెప్పేశాడు. డార్బీ సొంత ఊరికి తిరిగి వెళ్ళలేకపోయాడు. తనని రిటైరవమన్నారని 2007లో టగూబా చెప్పాడు. ఖైదీల విషయంలో స్పష్టమైన నియమాలేమిటో చెప్పమని 17 నెలలు పై అధికారుల్ని అడిగి అడిగి, చివరికి 2005లో సెనేటర్ మెకెయిన్‌కి లేఖ రాసిన కెప్టెన్ ఇయన్ ఫిష్‌బ్యాక్ 2021లో 42 ఏళ్ళకే ఒక సంరక్షణ గృహంలో చనిపోయాడు. అమానుష ప్రవర్తనని నిషేధిస్తూ అదే ఏడాది చట్టం వచ్చిందంటే అందులో ఆయన లేఖ వంతు చాలా ఉంది.

బాబాయి రెండో మాట ఇంకా బరువైంది. "ఖైదీ అంటే ఇంత తలనొప్పి అయితే, కుర్రాళ్ళు ఖైదీని పట్టుకోరమ్మా. అక్కడికక్కడే కాల్చేస్తారు."

చాలాసేపు ఏమీ అనలేకపోయాను. లొంగిపోయినవాణ్ణి కాల్చడం కూడా యుద్ధ నేరమేగా అన్నాను. "పుస్తకంలో" అన్నాడు ఆయన, ఎత్తిపొడుపు లేకుండానే. ఆ భయం నిజమైనదే. కానీ దానికి లొంగితే, చంపకుండా వదిలినందుకు కొట్టే హక్కు వస్తుందని ఒప్పుకున్నట్టే. అది ఏ సైన్యానికీ ఇవ్వలేం. బాబాయి కూడా ఇవ్వమనలేదు.

మనవాడైతే

2019 ఫిబ్రవరి 27న వింగ్ కమాండర్ అభినందన్ పాకిస్తాన్‌కి చిక్కాడు. ముఖం మీద రక్తంతో వీడియో వచ్చింది. మార్చి 1న వదిలేదాకా, ఆ రెండు రోజులూ జెనీవా ఒప్పందం గురించి మాట్లాడనివాళ్ళు లేరు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు కార్గిల్‌లో కెప్టెన్ సౌరభ్ కాలియా, అతని ఐదుగురు సహచరులు 1999 మే 15న పట్టుబడ్డారు. జూన్ 9న అప్పజెప్పిన దేహాల మీద చిత్రహింసల గుర్తులున్నాయి. పాకిస్తాన్ కాదంది. కొడుకు కోసం ఆ తండ్రి 2012లో మన సుప్రీంకోర్టు గుమ్మం కూడా ఎక్కాడు. ఒక్క పాకిస్తానీ అధికారి కూడా విచారణకి నిలబడలేదు.

ఆయన అడిగింది, కొట్టిన సిపాయి పేరు ఒక్కటే ఇమ్మని కాదు. ఆ సైన్యం జవాబు చెప్పాలన్నాడు. నేను నూటికి నూరుపాళ్ళూ ఆయన వైపే. అందుకే దిలావర్ విషయంలో వేరే కొలత పట్టుకోలేను. ఈ మాట అంటే "సైన్యానికి వ్యతిరేకంగా మాట్లాడుతున్నావా" అని అడిగేవాళ్ళున్నారు. మా ఇంట్లో గోడ మీద యూనిఫాంలో ఉన్న బాబాయి ఫోటో ఉంది. ఆయన బోల్టు కోసం పాకిన రాత్రి గురించి గర్వంగా చెప్పుకుంటాడు. ఆ గర్వం మనుషుల లెక్కకి కూడా ఉండాలన్నదే నా గోల.

ఒక కాగితం

దిలావర్ చనిపోయాక అది సహజ మరణం అని సైన్యం బయటికి చెప్పింది. కొన్ని నెలల తర్వాత, 2003 మొదట్లో, కార్లోటా గాల్ అనే విలేకరి యాకుబీ వెళ్ళి ఆ ఇంటివాళ్ళని కలిసింది. అతని అన్నదమ్ముల్లో ఒకతను ఒక కాగితం మడత విప్పి చూపించాడు. శవంతోపాటు సైన్యం ఇచ్చిన మరణ ధ్రువపత్రం. ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. దానిలో ఏముందో తెలియకుండానే అన్నాళ్ళూ దాచుకున్నారు.

ఆ కాగితంలో మరణం ఎలా సంభవించిందో గుర్తు పెట్టడానికి గళ్ళున్నాయి. శవపరీక్ష చేసిన సైనిక డాక్టరు "సహజం" అన్న గడిని ఖాళీగా వదిలేసి "హత్య" అన్న గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది.